“టెన్షన్” కింద దాగిన మాటలు: ఒక ఎమ్మెస్సీ విద్యార్థి కేసు

వచ్చిన కారణం

ఎమ్మెస్సీ కెమిస్ట్రీ నాలుగో సెమిస్టర్ విద్యార్థి. 23 ఏళ్లు, హాస్టల్‌లో ఉంటాడు. ఊరు ములుగు వైపు. ఇంట్లో రెండెకరాల మిర్చి తోట, ఇంకో ఎకరం కౌలు, డిగ్రీ చదువుతున్న చెల్లె. డిపార్ట్‌మెంట్ పంపిన చీటీలో ఒకటే వాక్యం: “ల్యాబ్‌లో గొడవ, కోపం మీద అదుపు లేదు, కౌన్సెలింగ్ ఇవ్వగలరు.” విద్యార్థి చెప్పుకున్న కారణం అంతకన్నా చిన్నది: “టెన్షన్ మేడం. ఇంకేం లేదు, మంచిగనే ఉన్న.”

ముందుగా ఒక మాట. ఈ కేసు ఒక్క మనిషిది కాదు. వరంగల్, హనుమకొండలో పీజీ విద్యార్థులతో పనిచేసేటప్పుడు మళ్లీ మళ్లీ ఎదురయ్యే సంగతులను ఒకే కేసుగా అల్లి రాసింది. సబ్జెక్టు, కుటుంబం, ఊరి వివరాలు మార్చాం. స్కోర్లు కేసు నడక అర్థం కావడానికే. వాటితో సగటులు కట్టకూడదు.

గొడవ జరిగిన రోజు

అది కాలమ్ క్రొమటోగ్రఫీ దగ్గర జరిగింది. గాజు గొట్టంలో సిలికా జెల్ నింపి, పైన ముడి పదార్థం వేసి, హెక్సేన్, ఇథైల్ అసిటేట్ కలిపిన ద్రావణి పోసుకుంటూ ఒక్కో పదార్థాన్ని వేరుచేసే పని ఇది. ద్రావణి మట్టం సిలికా పైఅంచు కన్నా కిందికి దిగకూడదు. దిగితే సిలికా ఎండి పగుళ్లిస్తుంది, ఆ పగుళ్ల గుండా అన్నీ కలగలిసి దిగిపోతాయి. మళ్లీ మొదటికే. అందుకే కాలమ్ నడుస్తున్నంతసేపు ఎవరో ఒకరు పక్కన ఉండాలి.

ప్రాజెక్టులో ఇద్దరు. ఆ పూట కాలమ్ చూసుకోవాల్సిన పార్ట్‌నర్ మెస్ మూసేస్తారని పన్నెండు యాభైకి అన్నానికి వెళ్లాడు. ఈ విద్యార్థి సెమినార్ ముగించుకుని ఒకటి నలభైకి వచ్చేసరికి కాలమ్ ఎండిపోయి ఉంది. మూడు రోజుల పని పోయింది. చేతిలోని బీకరును సింకులోకి విసిరాడు, అది పగిలింది. పార్ట్‌నర్ ఇంటివాళ్ల మీద ఒక మాట అన్నాడు. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. కానీ పార్ట్‌నర్ ఆ రోజు నుంచి మాట బంద్ చేశాడు. గైడ్‌కు ఫిర్యాదు వెళ్లింది.

“నాకు ఒళ్లు తెల్వలే మేడం, ఒక్కసారే అయిపోయింది.”

ఒక్కసారే ఏదీ కాదు. మొదటి సిటింగ్‌లో సగం సమయం ఆ ఒక్క రోజును పొద్దుటి నుంచి గంటల వారీగా రాయించడానికే పోయింది. పొద్దున 7:10కి ఇంటి నుంచి ఫోన్. తోట మీద తామర పురుగు మళ్లీ కనబడ్డదని, మందు కొట్టించాలని, మందుల షాపులో పాత బాకీ ఇంకా తీరలేదని బాపు (నాన్న) చెప్పాడు. చివర “నువ్వు రంది పెట్టుకోకు, సదువుకో” అన్నాడు. టిఫిన్ చేయలేదు. 11 గంటలకు సెమినార్. నాలుగో స్లైడ్ దగ్గర రియాక్షన్ మెకానిజం మీద ప్రశ్న వస్తే నోరు పెగల్లేదు. “ఇంటర్ పిల్లలు చెప్తరు ఇది” అన్న మాట, వెనుక వరుసలో నవ్వు. ఆ తర్వాతే ఒకటి నలభై.

చీటీలో ఉన్నది చివరి ఇరవై సెకన్లు మాత్రమే.

మొదటి అంచనా

భావోద్వేగ ప్రజ్ఞ (ఎమోషనల్ ఇంటెలిజెన్స్) తక్కువ అని ముద్ర వేసే ముందు తేల్చుకోవాల్సినవి వేరే ఉన్నాయి. నిద్ర, తిండి, మద్యం, గుట్కా, ఇంట్లో మానసిక జబ్బుల చరిత్ర, ఈ మధ్య జరిగిన చావులు, అప్పులు. డిప్రెషన్‌లో ఉన్న విద్యార్థి చిరచిరలాడతాడు; అతనికి కోపం తగ్గించుకునే చిట్కాలు నేర్పితే నెల రోజులు వృథా. రక్తహీనత, థైరాయిడ్ కూడా ఇలాగే కనబడగలవు కాబట్టి అలసట ఎక్కువగా చెప్పినవాళ్లను ముందు రక్తపరీక్షకు పంపాలి.

డిప్రెషన్‌ను అంచనా వేసే ప్రశ్నావళి పీహెచ్‌క్యూ-9లో 27కు 9 వచ్చింది, స్వల్ప స్థాయి. ఆత్మహత్య ఆలోచనను అడిగే తొమ్మిదో ప్రశ్నకు సున్నా. ఆ ప్రశ్నను కాగితం మీద టిక్కుతో వదిలేయకూడదు, నోటితో మళ్లీ అడగాలి, అడిగాం, లేదన్నాడు. ఆందోళనను కొలిచే జీఏడీ-7లో 21కి 11, మధ్యస్థ ఆందోళన. తొమ్మిదో ప్రశ్నకు ఒక్క మార్కు వచ్చినా ఈ కేసు ఇలా నడిచేది కాదు: అదే రోజు సైకియాట్రిస్టు, ఇంటివాళ్లతో మాట, రూమ్‌లో తోడు, చేతిలో ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416. ఆ నంబరు తెలుగులో, రాత్రింబవళ్లు పలుకుతుంది. ఇబ్బంది ఉన్నా లేకపోయినా ప్రతి విద్యార్థి ఫోన్లో దాన్ని సేవ్ చేయించడం మొదటి సిటింగ్ అలవాటు.

తర్వాత షూట్ స్కేల్ ఇచ్చాం. నికోలా షూట్, ఆమె సహచరులు భావోద్వేగ ప్రజ్ఞను కొలవడానికి 1998లో తయారుచేసిన 33 ప్రశ్నల ప్రశ్నావళి ఇది. 33 నుంచి 165 దాకా స్కోరు వస్తుంది. 5, 28, 33 నంబర్ల ప్రశ్నలకు మార్కులు తిరగేసి వేయాలి, చాలామంది మర్చిపోయేది అక్కడే. ఈ విద్యార్థికి 138 వచ్చింది. బీకరు పగలగొట్టి వారం కాలేదు, స్కోరు చూస్తే తరగతికి పాఠం చెప్పగలిగినవాడిలా ఉంది.

ఇది అబద్ధం చెప్పడం కాదు. స్వయంగా నింపే ప్రశ్నావళి, మనిషి తన గురించి ఏమనుకుంటున్నాడో కొలుస్తుంది, ఏం చేస్తాడో కాదు. దానికి తోడు మన దగ్గర ఇంకో చిక్కు ఉంది. “ఎమోషన్”ను తెలుగులో “భావోద్వేగం” అని పెడతాం. ఆ మాట పుస్తకంలో తప్ప ఏ ఇంట్లోనూ వినబడదు. విద్యార్థి దాన్ని “ఆవేశం” అని చదువుకుంటాడు. “నా భావోద్వేగాలు నాకు తెలుస్తాయి” అన్న వాక్యానికి “నేను ఊరికే ఆవేశపడే రకం కాదు” అనే అర్థంలో “పూర్తిగా అవును” అని టిక్కు పెడతాడు. అందుకే ఈ స్కేలును మాట కలపడానికి వాడుకోవచ్చు కానీ, దాని స్కోరు చూసి ఒకరికి ప్రజ్ఞ ఉంది, ఒకరికి లేదు అనడం తప్పు. ఎం.ఇడి., ఎంబీఏ ప్రాజెక్టుల్లో రెండు వందల మందికి ఈ కాగితాలు పంచి, ఆడపిల్లలకు ఎక్కువా మగపిల్లలకు ఎక్కువా అని టీ-టెస్టులు (రెండు గుంపుల సగటులను పోల్చే లెక్కలు) వేసేవాళ్లు ముందు పదిమందిని కూర్చోబెట్టి ఒక్కో ప్రశ్నకు ఏం అర్థం చేసుకున్నారో అడిగితే బాగుంటుంది.

స్కేలు కన్నా పనికొచ్చింది ఒక చిన్న లెక్క. మొదటి సిటింగ్‌లో అతను మాట్లాడిన మొదటి పది నిమిషాల్లో “టెన్షన్” 14 సార్లు వచ్చింది. మిగతా భావాల పేర్లు రెండే: కోపం, చిరాకు. బాపు ఫోన్ దగ్గర టెన్షన్, సెమినార్ దగ్గర టెన్షన్, కాలమ్ దగ్గర టెన్షన్. మూడింటికీ ఒకటే పేరు ఉంటే మందు కూడా ఒకటే అనిపిస్తుంది.

పీటర్ సాలవీ, జాన్ మేయర్ 1990లో భావోద్వేగ ప్రజ్ఞ అనే భావనను ప్రతిపాదించారు. 1997లో దాన్ని నాలుగు కొమ్మలుగా విడదీశారు: భావాన్ని పసిగట్టడం, ఆలోచనకు దాన్ని వాడుకోవడం, అర్థం చేసుకోవడం, సంబాళించుకోవడం. డిపార్ట్‌మెంట్ ఫిర్యాదు నాలుగో కొమ్మ మీద. లోపం ఉన్నది మొదటి, మూడో కొమ్మల్లో. కనబడని దాన్ని సంబాళించుకోమంటే ఎవరి వల్లా కాదు. 1995లో డేనియల్ గోల్‌మన్ పుస్తకం వచ్చాక ఈ మాట ఊరూరా పాకింది. దాంతోపాటు “విజయంలో 80 శాతం ఈక్యూదే” (ఈక్యూ అంటే భావోద్వేగ ప్రజ్ఞే) అనే మాట కూడా పాకింది. జీవితంలో విజయానికి ఐక్యూ వాటా ఓ 20 శాతం, మిగతాది ఇతర కారణాలది అన్నాడే తప్ప, ఆ మిగతా అంతా ఈక్యూ అని ఆయన కూడా అనలేదు. ఓరియంటేషన్ క్లాసుల్లో ఆ స్లైడ్ ఇప్పటికీ తిరుగుతూనే ఉంది.

ఇంటి మాటలు

రెండో సిటింగ్‌లో ఒక తెల్లకాగితం ఇచ్చి అడిగిన ప్రశ్న ఇది: “మీ ఇంట్ల మనసు బాగలేనప్పుడు ఎవరెవరు ఏమేం మాటలంటరు? టెన్షన్ అనే మాట తప్ప ఏదైనా రాయి.”

ఐదు నిమిషాలు ఏమీ రాలేదు. తర్వాత, “అవ్వ (అమ్మ) బుగులైతంది అంటది” అన్నాడు. అక్కడి నుంచి కాగితం నిండింది. బుగులు, రంది, మనాది, యాష్ట, నామోషీ, చిన్నబోవుడు, గుర్రు, నారాజు, అక్కసు. ఇరవై నిమిషాల్లో తొమ్మిది. ఇంగ్లిష్ వర్క్‌షాపుల్లో భావాల పేర్లు రాసిన రంగురంగుల చక్రం, “ఫీలింగ్స్ వీల్”, పంచుతారు. అందులోని మాటలను అతను చదవగలడు కానీ, వాటితో తన ఒంట్లో ఏదీ కదలదు. అవ్వ నోటి మాటకు కదులుతుంది.

ఆ మాటల మధ్య తేడాలను అతని చేతే చెప్పించాం. బుగులు అంటే ఇంకా జరగనిదాని భయం. రంది అంటే మనవాళ్ల గురించి మనసు అక్కడక్కడే తిరగడం. యాష్ట ఒకే చిన్న సంగతి పదిసార్లు అయితే వచ్చేది. నామోషీకి చూసే జనం కావాలి, ఒంటరిగా ఉన్నప్పుడు అది రాదు. చిన్నబోవుడు దగ్గరివాళ్ల మాటకు. గుర్రు అంటే అనకుండా దాచుకున్న కోపం. మనాది వీటన్నిటికన్నా లోతు. తిండి, నిద్ర పోయి మనిషి మంచం పట్టే దాకా పోయేది. ఎవరైనా తన గురించి తాను “మనాది” అన్నారంటే కౌన్సెలర్ అక్కడే ఆగి పీహెచ్‌క్యూ-9 మళ్లీ పెట్టాలి. ఈ అర్థాలు ఊరూరికీ కాస్త మారతాయి. జనగామ పిల్లవాడి రందీ భూపాలపల్లి పిల్లవాడి రందీ ఒకటే కానక్కరలేదు. కాబట్టి ముందే అచ్చువేసిన జాబితా ఇవ్వకూడదు, ఎవరి జాబితా వాళ్లే రాసుకోవాలి.

ఇంకో సౌకర్యం మన వాక్య నిర్మాణంలోనే ఉంది. కోపం “వస్తది”, బుగులు “పుడ్తది”, రంది “పట్టుకుంటది”, నామోషీ “అయితది”. తెలుగులో మనిషి కోపం కాడు, కోపం మనిషి దగ్గరికి వస్తుంది. వచ్చింది కాబట్టి అడగవచ్చు: ఎప్పుడొచ్చింది? దేని వెంబడి వచ్చింది? ఎంతసేపు ఉన్నది? పోయేటప్పుడు ఏం వదిలిపెట్టింది? ఈ నాలుగు ప్రశ్నలతో గొడవ రోజు పట్టికను మళ్లీ నింపించాం. 7:10 దగ్గర రంది. 11 గంటల దగ్గర ముందు బుగులు, నవ్వు వినబడ్డాక నామోషీ. 1:40కి వచ్చింది కోపం. అది కాలమ్ మీది కోపమే, కానీ అంత పెద్దది కావడానికి పొద్దుటి నుంచి లోపల కూర్చున్న మూడూ కారణం. కాగితం చూసి చాలాసేపు మాట్లాడలేదు. “అంటే, ఆడు తినపోయినందుకు కాదన్నట్టు” అన్నాడు.

భావాలను విడివిడిగా గుర్తుపట్టే ఈ నైపుణ్యానికి లీసా ఫెల్డ్‌మన్ బారెట్ పెట్టిన పేరు “ఎమోషనల్ గ్రాన్యులారిటీ”. దాని అర్థం విద్యార్థి అన్న ఆ వాక్యంలో ఉంది.

నోట్‌బుక్

జేబులో పట్టే 80 పేజీల నోట్‌బుక్, రోజుకు రెండు సార్లు, మూడేసి నిమిషాలు. మధ్యాహ్నం అన్నం తర్వాత ఒకసారి, పడుకునే ముందు ఒకసారి. ఐదు గళ్లు: టైము, ఏం జరిగింది, ఒంట్లో ఎక్కడ, ఇంటి మాట, 0 నుంచి 10 దాకా ఎంత. విశ్లేషణ రాయకూడదు.

ఈ పని చెడిపోయే తీరులు దాదాపు ప్రతి విద్యార్థి దగ్గరా ఒకేలా ఉంటాయి. మొదటిది “అనిపించింది.” మూడో రోజు ఎంట్రీ: “సార్ నన్ను లెక్కచేయలేదు అనిపించింది.” ఇది భావం కాదు, తీర్పు. తెలుగులో ఆలోచనకూ అనుభూతికీ “అనిపించింది” ఒక్కటే క్రియ కావడంతో రెండూ కలిసిపోతాయి. దీనికి నియమం పెట్టాం: ఇంటి మాట గడిలో “అనిపించింది” రాయరాదు, వచ్చింది, పుట్టింది, పట్టుకున్నది, అయింది, వీటిలో ఒకటే రాయాలి. ఆ వాక్యం “చిన్నబోయిన, 6” అయింది. రెండోది రెండు పూటలదీ రాత్రే కలిపి రాయడం. రాత్రికి మధ్యాహ్నపు బుగులు కోపంగా మారి ఉంటుంది, అసలుది దొరకదు. మూడోది రూమ్‌మేట్ల భయం. నలుగురు ఉండే గదిలో నోట్‌బుక్ ఎవరైనా తెరుస్తారు. అందుకే మాటలకు బదులు మొదటి అక్షరం, మనిషికి బదులు ఒక గుర్తు: “బు 7, ఛాతి, సె” అంటే సెమినార్ ముందు బుగులు ఏడు. నాలుగోది ఇంగ్లిష్‌లో రాయడం. ఇంగ్లిష్‌లో రాసిన రోజుల్లో మళ్లీ అంతా “టెన్షన్”, “ఫ్రస్ట్రేషన్” అయిపోయింది.

ఇంటర్నల్స్ పరీక్షలప్పుడు నోట్‌బుక్ తొమ్మిది రోజులు ఖాళీ. అలా జరుగుతుందని ముందే అనుకున్నదే. ఆ ఖాళీని తప్పుగా లెక్కిస్తే విద్యార్థి తర్వాతి సిటింగ్‌కు రాడు. “పరీక్షలప్పుడు రోజుకు ఒక్క లైను చాలు” అని మొదటే చెప్పి ఉండాల్సింది, చెప్పలేదు.

మూడో సిటింగ్‌లో జరిగిన పొరపాటు

బాపుతో రంది పంచుకోమని సలహా ఇచ్చాం. అది పుస్తకం సలహా. అతను ఫోన్ చేసి “బాపూ, నాకు ఇంటి గురించి రందైతంది” అన్నాడు. అవతలి నుంచి వచ్చిన జవాబు మామూలుదే: “నీకెందుకురా గవన్నీ, నువ్వు సదువు.” దాని వెంట ఆ రాత్రి అవ్వ ఏడ్చిందని చెల్లె మెసేజ్. ఆ వారం రంది 8 కింద దిగలేదు.

ఎక్కడ తప్పామంటే, ఈ ఇళ్లలో తండ్రి కొడుకుతో బాధ పంచుకోవడం అలవాటు లేదు. కొడుకు బాధ చెప్తే తండ్రికి అది తన ఓటమిలా వినబడుతుంది. కానీ లెక్క అడిగితే చెప్తాడు. నాలుగో సిటింగ్‌లో మార్చాం: భావం చెప్పొద్దు, అంకె అడుగు. “బాపూ, షాపుల బాకీ మొత్తం ఎంత? ఎవుసం లోను ఎంత? ఈ కోతకు ఎన్ని బస్తాలు రావచ్చు? ఎనుమాముల మార్కెట్‌కు ఎప్పుడు తీస్తవు?” బాపు పావుగంట మాట్లాడాడు. అప్పు విద్యార్థి ఊహించుకున్నదాంట్లో సగం కన్నా కొంచెం ఎక్కువ. చిన్న మొత్తం కాదు. అయినా నోట్‌బుక్‌లో ఆ రాత్రి “రం 5”. రంది తగ్గింది బాకీ తగ్గినందుకు కాదు, దానికి హద్దు తెలిసినందుకు.

ఒళ్లు చెప్పే గుర్తు

నోట్‌బుక్‌లోని మూడో గడి, ఒంట్లో ఎక్కడ అన్నది, మూడు వారాలకు పనికొచ్చింది. బుగులు ఎప్పుడూ కడుపులో దేవినట్టు. నామోషీ మెడ వెనుక. కోపానికి మాత్రం ముందుగా చెవులు వేడెక్కుతున్నాయి. చెవులు వేడెక్కడానికీ నోరు జారడానికీ మధ్య అతని లెక్కలో “ఒకటి రెండు నిమిషాలు”. ఆ వ్యవధి ఉందని తెలియడమే పెద్ద సంగతి. చెవులు వేడెక్కితే చేయాల్సింది ఒక్కటే: చేతిలో ఉన్నది బెంచి మీద పెట్టు, “ఇప్పుడే వస్త” అని చెప్పి బయటికి నడువు. చెప్పకుండా పోతే అలిగిపోయాడంటారు, అది ఇంకో గొడవ.

బయట చేసేది ఊపిరి పని. నాలుగు లెక్కపెట్టే దాకా తీసుకోవడం, ఆరు లెక్కపెట్టే దాకా వదలడం. నిమిషానికి ఆరు ఊపిర్లు, ఐదు నిమిషాలు. గట్టిగా రొమ్ము నిండా పీలిస్తే కళ్లు తిరుగుతాయి, కాబట్టి పీల్చడం మామూలుగా ఉంచి వదలడమే పొడుగు చేయాలి. ఇది గొడవ రోజున మొదలుపెడితే పనిచేయదు. రెండు వారాలు ప్రశాంతంగా ఉన్నప్పుడు పొద్దునా రాత్రీ చేస్తేనే అవసరానికి అందుతుంది. ఈ విద్యార్థి పడకలో లేవకముందే చేశాడు. హాస్టల్‌లో ఎవరి కంటా పడని సమయం అదే. ఎవరికి ఊపిరి మీద ధ్యాస పెడితే బుగులు పెరుగుతుందో వాళ్లకు ఇది వద్దు, నడకే చాలు.

పార్ట్‌నర్‌తో మాట

ఆరో సిటింగ్ అంతా దీనికే. మొదటి రిహార్సల్: “ఏమనుకోకురా, ఆ రోజు టెన్షన్ల ఉండె, కానీ నువ్వు కూడా కాలమ్ ఇడిసిపెట్టి పోవద్దుండె.” ఇందులో క్షమాపణ ఎక్కడా లేదు. “ఏమనుకోకు” అంటే పని అవతలివాడికి అప్పజెప్పడం: నేనన్నాను, నువ్వు అనుకోకుండా ఉండు. “కానీ” తర్వాత వచ్చేది ఫిర్యాదు. ఐదుసార్లు తిరగరాశాక నిలిచింది ఇది: “మీ ఇంటోళ్లను అన్న. తప్పు నాది. బీకరు పైసలు నేను కట్టిన. కాలమ్ సంగతి వేరే మాట్లాడుకుందం, ఇయ్యాల కాదు.” కాలమ్ సంగతి అదే రోజు ఎత్తకూడదని పట్టుబట్టాం. రెండూ కలిపితే మొదటిది రెండోదానికి ముందుమాటలా వినబడుతుంది.

పార్ట్‌నర్ “సరే” అన్నాడు, అంతే. కౌగిలింతలు లేవు. నాలుగు రోజుల తర్వాత కాలమ్ మీద ఇద్దరూ కూర్చుని మాట్లాడుకున్నారు. అప్పుడు తెలిసింది, ఆ రోజు పార్ట్‌నర్ వెళ్లే ముందు పక్క బెంచి జూనియర్‌కు చెప్పి వెళ్లాడు, జూనియర్ మర్చిపోయాడు.

సెమినార్

ఏడో సిటింగ్. ఇక్కడ బుగులులో సగం ఇంగ్లిష్‌ది. డిగ్రీ దాకా తెలుగు మీడియం చదివిన విద్యార్థికి మెకానిజం తెలుసు, ఇంగ్లిష్‌లో వాక్యం రాదు. మౌనాన్ని అందరూ సబ్జెక్టు రాకపోవడంగానే లెక్కగడతారు, చివరికి అతను కూడా. అందుకని రెండు పనులు. మొదటి రెండు నిమిషాల పాఠం మాట తప్పకుండా కంఠస్థం. మొదట నోరు పారితే తర్వాతిది తేలిక. ప్రశ్నకు మూడు సిద్ధ వాక్యాలు: “సార్, ప్రశ్న మళ్లొకసారి చెప్తరా?”, “బోర్డు మీద వేసి చూపిస్త సార్”, “ఈ స్టెప్ నాకు క్లియర్ లేదు, రేపు చూసి చెప్త సార్.” మధ్యది అన్నిటికన్నా ఎక్కువ ఆదుకుంది. కెమిస్ట్రీలో బాణం గుర్తులకు ఇంగ్లిష్ అక్కర్లేదు. రిహార్సల్ ముగ్గురి ముందు, అందులో ఒకరు నాలుగో నిమిషంలో కావాలని అడ్డుతగలాలి. అద్దం ముందు చేసే రిహార్సల్‌కు పెద్ద ఫలితం లేదు. నామోషీకి జనం కావాలన్నాడు కదా, జనం లేనిచోట దాన్ని సాధన చేయలేం.

డిపార్ట్‌మెంట్‌కు ఇచ్చింది

సిటింగుల్లో ఏం చెప్పాడని ఫోన్ వచ్చింది. “వస్తున్నాడు, ఎనిమిదిలో ఆరు అయ్యాయి” అన్నంతవరకే చెప్పాం. విద్యార్థి సంతకం చేసిన అంగీకార పత్రంలో ఉన్నదీ అంతే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గోప్యతను హక్కుగా పేర్కొంది. చట్టం సంగతి పక్కన పెట్టినా, ఒక్క మాట బయటికి పోయిందని తెలిస్తే ఆ హాస్టల్ నుంచి ఇంకొకరు రారు.

విద్యార్థుల పేర్లు లేకుండా, అన్ని డిపార్ట్‌మెంట్లకూ కలిపి ఒక పేజీ పంపాం. సెమినార్‌లో తప్పును తప్పనండి, మనిషిని ఇంటర్ పిల్లలతో పోల్చకండి. ప్రశ్న వేశాక కనీసం పది సెకన్లు ఆగండి. అవమానించే అలవాటును అలాగే ఉంచి, అవమానం తట్టుకునే శిక్షణ విద్యార్థికి ఇవ్వడం సగం పనే. ఆ పేజీని చదివినవాళ్లు కొందరు, నోటీసు బోర్డుకు పిన్ను గుచ్చి వదిలేసినవాళ్లు కొందరు.

పదకొండు వారాల తర్వాత

ఎనిమిది సిటింగులు, ఒక్కోటి 45 నిమిషాలు. జీఏడీ-7 11 నుంచి 6కు, పీహెచ్‌క్యూ-9 9 నుంచి 5కు దిగాయి. షూట్ స్కోరు మాత్రం 138 నుంచి 121కి పడిపోయింది. విద్యార్థి కంగారుపడ్డాడు. కంగారు అక్కర్లేదు: మొదట తనకు అన్నీ తెలుసనుకుని టిక్కు పెట్టాడు, ఇప్పుడు “ఒక్కోసారి తెల్వదు” అని నిజం పెట్టాడు. ముందు-తర్వాత స్కోర్లు తీసి ప్రోగ్రాం విఫలమైందో సఫలమైందో తేల్చే రిపోర్టులు చూసేటప్పుడు ఈ సంగతి గుర్తుండాలి.

చివరి సిటింగ్ మొదటి పది నిమిషాల్లో “టెన్షన్” మూడు సార్లు, ఇంటి మాటలు ఏడు. రెండో సెమినార్‌లో ఒక ప్రశ్నకు బోర్డు దగ్గరికి వెళ్లాడు, రెండో ప్రశ్నకు “రేపు చెప్త సార్” అన్నాడు. మర్నాడు వెళ్లి చెప్పాడు కూడా. చెవులు వేడెక్కినప్పుడు మూడుసార్లు బయటికి నడిచాడు, ఒకసారి నడవలేదు. ఆ ఒక్కసారి హాస్టల్ నీళ్ల దగ్గర జూనియర్‌తో జరిగింది, తర్వాత తనే వెళ్లి మాట్లాడాడు.

కుదరనివి ఉన్నాయి. కాదనడం ఇంకా రాదు. సీనియర్ “తమ్మీ, నా శాంపిల్ కూడా రన్ చెయ్యి” అంటే చేసి, రాత్రి నోట్‌బుక్‌లో “గు 7” రాస్తాడు. గుర్రు మీద పని మొదలే కాలేదు. గైడ్ ముందు నోరు విప్పడం వైవా నాటికైనా వస్తుందో లేదో చూడాలి, ఫైలు అప్పటిదాకా తెరిచే ఉంచాం.

ఆరు వారాల ఫాలో-అప్‌కు వచ్చినప్పుడు నోట్‌బుక్ ఆపేశానన్నాడు. బదులుగా ఫోన్లో ఒక ఫొటో చూపించాడు. ల్యాబ్ తలుపుకు లోపలి వైపు అంటించిన కాగితం: ఒంటి గంట నుంచి రెండు దాకా కాలమ్ దగ్గర ఎవరుండాలో వారం పొడుగునా పేర్లు, కింద పార్ట్‌నర్ చేతిరాతలో ఒక లైను, “జూనియర్‌కు చెప్పిపోతే లెక్కల్లేదు.”